గోటి నేత

వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నాను. ఒక మొండికాయ పగలనంది. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే కుదరలేదు. గోటిని దాని నెర్రెలోకి దూర్చి తిప్పాను. కాయ చెక్కుచెదరలేదు, గోరు చిట్లింది. కుడిచేతి చూపుడువేలిది.

నొప్పి వస్తుందని పళ్ళు బిగబట్టాను. రాలేదు. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే చీలిక అంచు దగ్గర మొదలై, లోపలికి ఆవగింజంత దూరం పోయి, అక్కడ మనసు మార్చుకున్నట్టు పక్కకు తిరిగింది. అంచుకు సమాంతరంగా నడుచుకుంటూ గోటి ఒడ్డు దాకా వెళ్ళింది. కొసపట్టి లాగితే సన్నటి నెలవంక ఊడి అరచేతిలో పడింది. కింద ఎర్రటి మాంసం జోలికి పోలేదు.

చిన్నప్పుడు వేపనూనె రాసినా గోళ్ళు కొరకడం మానని వాణ్ణి. ఈ జన్మలో ఎన్ని గోటి ముక్కలు ఉమ్మి ఉంటానో లెక్కలేదు. కొరికినా, గిల్లినా, తలుపు గడియలో పడి విరిగినా ఊడొచ్చేది ఎప్పుడూ నెలవంకే. నిలువునా మొదలు దాకా చీలిన గోరు చూసింది బహు అరుదు. ఇది ఇలాగే ఎందుకు విరుగుతుందన్న అనుమానం మాత్రం యాభై దాటాక, ఒక మొండి వేరుశనక్కాయ దగ్గర వచ్చింది.

మేదరి వాళ్ళు వెదురు చీల్చడం చూసినవాళ్ళకు ఈ అనుమానం తీవ్రత తెలుస్తుంది. బొంగు కొసన కత్తి ఆనించి ఒక్క దెబ్బ వేస్తారు. ఆ తర్వాత కత్తికి పెద్ద పని ఉండదు. చీలిక తనంతట తానే కణుపు వెంట కణుపు దాటుకుంటూ అటు చివరి దాకా పరుగెత్తుతుంది. వెదురులో నార నిలువునా ఉంటుంది, చీలిక నార వెంటే పోతుంది. వంటచెరకు కొట్టినా, కొబ్బరి మట్ట చీల్చినా అంతే. నార ఎటుంటే చీలిక అటు.

గోరు కూడా వెదురులా నిలువునా పెరిగే వస్తువే. పైగా వయసు మీరిన వాళ్ళ గోళ్ళ మీద నిలువు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి కూడా. ఇది చూసిన ఎవరైనా లోపల నార నిలువుగానే ఉందనుకుంటారు. అదే నిజమైతే ఇంటి పని చేసే ఏ మనిషికీ పది గోళ్ళూ మిగలవు. అంచు మీద పడిన చిన్న గాటు మర్నాటికి మొదలు దాకా పాకి, కింద బిగుతుగా అంటుకున్న మాంసాన్ని కూడా చీల్చుకుంటూ పోయేది.

ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో రోలండ్ ఎనోస్ బృందం ఈ సంగతిని కత్తెరతో తేల్చింది. కత్తెరతో అంటే అలంకారానికి అనడం లేదు. బలాన్ని కొలిచే యంత్రానికి కత్తెర బిగించి, గోటి ముక్కలను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కత్తిరించి, ఒక్కో కోతకు ఎంత శక్తి ఖర్చయిందో లెక్కగట్టారు. 2004లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం గోటిని అడ్డంగా, అంటే అంచుకు సమాంతరంగా కోయడానికి చదరపు మీటరుకు సుమారు 3 కిలోజౌళ్ళు చాలు. నిలువుగా, వేరు వైపుకు కోయాలంటే దాదాపు 6 కావాలి. చీలికకు సుళువైన దారి, కష్టమైన దారి రెండూ ఉన్నాయన్నమాట. సుళువైనది మాంసానికి దూరంగా పోయే దారి.

కారణం కోసం గోటిని పొరలుగా విడదీసి చూశారు. అర మిల్లీమీటరు మందం ఉన్న ఈ పలకలో మూడు అంతస్తులున్నాయి. పైన పలచటి పొర, కింద పలచటి పొర, మధ్యలో మందపాటిది. పై పొరలో, కింది పొరలో కణాలు పెంకుల్లా పరుచుకుని ఉంటాయి. ఆ పొరల్ని ఎటు కోసినా ఒకే శ్రమ. మధ్య పొర సంగతి వేరు. అందులో కణాలు పొడుగ్గా, సన్నగా, అన్నీ అడ్డంగా పడుకుని ఉంటాయి, గోటి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు వైపుకు. ఈ ఒక్క పొరనే తీసుకుంటే అడ్డంగా కోయడానికి పట్టే శక్తి, నిలువు కోతకు పట్టేదానిలో నాలుగో వంతే.

ఇది చదివాక నాకు వెదురు మరుగునపడి మగ్గం గుర్తొచ్చింది. నేత గుడ్డ ఎటు పెరుగుతుంది? నేసేవాడి వైపు, నిలువుగా. నాడె ఎటు తిరుగుతుంది? అడ్డంగా. గుడ్డ నిలువున పొడుగవుతున్నా దాన్ని పొడుగు చేస్తున్నది అడ్డంగా పడే పేకే. గోటి మధ్య పొర అలాంటి నేత, కాకపోతే ఇందులో పడుగు లేదు, అంతా పేకే. పడుగు లేని గుడ్డను ఏ నేతగాడూ గుడ్డ అనడు, లాగితే పోగులుగా విడిపోతుంది గనక. గోటికి కావలసింది సరిగ్గా అదే: అవసరమైనప్పుడు అడ్డంగా విడిపోవడం. అలాగని ఊరికే విడిపోతే పనికిరాదు. అందుకని మీదా కిందా ఎటూ మొగ్గు చూపని రెండు పొరలు వేసి గోరు ఆ మధ్యదాన్ని బిగించుకుంది.

ఈ రెండు పొరల గురించి ఎనోస్ బృందం చెప్పిన మాట ఒకటి నాకు మరీ నచ్చింది. అవి గోటి ఒడ్డుల దగ్గర మధ్య పొర చుట్టూ మడిచినట్టు తిరుగుతాయట, అక్కడ చీలిక అసలు మొదలు కాకుండా. చీరకు అంచు గట్టిగా నేయడం దేనికో తెలిసినవాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. కాబట్టి కత్తిరించాక గోటి మూలలు ఎగుడుదిగుడుగా వదిలేయకుండా కాస్త ఆకురాయి తగిలించమనే సలహా సోకు కోసం చెప్పింది కాదు. గాటు ఉన్న అంచంటే చీలికకు తలుపు తీసిపెట్టినట్టే.

వంపు కూడా ఉంది. గోటిని వేలి కొస వైపు నుంచి ఎదురుగా చూడండి, పాతకాలపు గూనపెంకులా ఉంటుంది. కాగితాన్ని చదునుగా పట్టుకుంటే కొస వాలిపోతుంది, అదే కాగితాన్ని కొంచెం వంచి దోనెలా పట్టుకుంటే నిటారుగా నిలబడుతుంది. వడ్రంగి స్టీలు టేపు గాలిలో వంగకుండా నిలబడేది ఆ వంపు వల్లే. అర మిల్లీమీటరు మందంతో డబ్బా మూత లేపగలుగుతున్నామంటే అందులో సగం పుణ్యం ఈ వంపుది.

ఇక ఈ నేత జరిగే చోటు. మనకు కనిపించే గోరు బట్టల కొట్లో పరిచిన తాను లాంటిది. మగ్గం వెనక గదిలో ఉంది. గోటి మొదట్లో చర్మపు మడత కింద, వేలి కొస ఎముకను దాదాపు ఆనుకుని ఒక చిన్న మెత్తటి ముక్క ఉంటుంది. వైద్యులు దాన్ని మాట్రిక్స్ అంటారు. ఇక్కడ కణాలు పుడతాయి, వెనక పుట్టేవాటి తోపుడికి ముందుకు జరుగుతాయి, జరుగుతూ చదునవుతాయి, లోపల కెరాటిన్ అనే గట్టి మాంసకృత్తును నింపుకుంటాయి, చివరికి కేంద్రకాన్ని కూడా పోగొట్టుకుని చచ్చిపోతాయి. చచ్చిపోయాకే అవి పనికొస్తాయి. చచ్చిన కణాల పలక కాబట్టే గోరు కత్తిరిస్తే నొప్పి లేదు.

ఈ చిన్న గదిలో కూడా పని పంపకం ఉంది. మాట్రిక్స్ వెనక భాగంలో పుట్టిన కణాలు గోటి పై భాగంలోకి వస్తాయి, ముందు భాగంలో పుట్టినవి కింది భాగంలోకి పోతాయి. గోరు చూసి రోగం చెప్పే వైద్యులకు ఇది పెద్ద ఆసరా. సోరియాసిస్ ఉన్నవాళ్ళ గోటి మీద కుట్టుకునే అంగుస్తాను మీద ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి. గుంట పైతలం మీద ఉంది గనక తేడా వెనక వరుసలో వచ్చిందని అర్థం. గోటి లోపల తెల్ల మచ్చ కనిపిస్తూ పైన నున్నగా ఉంటే ముందు వరుసలో ఏదో దెబ్బ తగిలిందని.

తెల్ల మచ్చలంటే కొంగలు గుర్తుకు రావలసిందే. ఆకాశంలో కొంగల బారు కనిపిస్తే పిల్లలందరం రెండు చేతుల గోళ్ళూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ పూలు పెట్టమని అరిచేవాళ్ళం. మర్నాడు ఎవడి గోటి మీద తెల్ల చుక్క కనిపిస్తే వాడు రాజు. ఎన్ని పూలు పూస్తే అన్ని కొత్త బట్టలు. నిజానికి ఆ చుక్క కొన్ని వారాల కిందటే గోటి మొదట్లో తగిలిన చిన్న దెబ్బ. అక్కడ కణాలు పూర్తిగా పక్వానికి రాకుండానే పలకలోకి నెట్టుకొచ్చేశాయి, వెలుగును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తున్నాయి. గోళ్ళు రుద్దే కుర్రాడి గోళ్ళకు దెబ్బలు తగలక ఏమవుతాయి గనక! కొంగలకు ఆ మాత్రం పుణ్యం ఇవ్వొచ్చు. కాల్షియం తక్కువైతే తెల్ల మచ్చలు వస్తాయనే మాట మాత్రం కొంగల కథ కంటే బలహీనమైనది. గోటిలో కాల్షియం ఉండేదే అతి కొంచెం, గట్టిదనానికి దానితో సంబంధం తక్కువ. గట్టిదనం గంధకానిది. కెరాటిన్ పోగుల్లో గంధకం ఉన్న ముడులు పోగునూ పోగునూ కలిపి కట్టేస్తాయి. గోరు గానీ వెంట్రుక గానీ కాలితే వచ్చే ఘాటు వాసన ఆ గంధకానిదే.

గోటి మొదట్లో తెల్లటి నెలవంక ఉంటుంది, బొటనవేలికి స్పష్టంగా, చిటికెనవేలికి చాలామందిలో కనిపించకుండా. చర్మపు మడత దాటి బయటికి తొంగిచూస్తున్న మాట్రిక్స్ అది. ఒకరి నేత గది గుమ్మం కొంచెం తెరిచి ఉన్నట్టు. దాని ముందంచు వంపును గోటి కొస వంపుతో పోల్చి చూడండి. రెండూ ఒకే తీరు. మధ్య పొర పోగులు కూడా ఆ నెలవంక అంచుకు సమాంతరంగానే పడుకుంటాయని ఎనోస్ బృందం గమనించింది. నా చూపుడువేలు నుంచి ఊడిపడిన ముక్క నెలవంకలా ఎందుకుందో అప్పుడు తెలిసింది. నేసిన వంపులోనే విరిగింది.

గోరు కింద ఉన్న మాంసానికీ పలకకూ మధ్య ఉన్న ఒప్పందం ఇంకా చిత్రమైనది. గట్టిగా అంటుకుని ఉండాలి, లేకపోతే ఊడిపోతుంది. రోజూ ముందుకు జరుగుతూ ఉండాలి, లేకపోతే పెరగదు. అంటుకోవడమూ జరగడమూ ఒక్కసారే ఎలా? మాంసం మీద నిలువునా సన్నటి గట్లు, వాటి మధ్య చాళ్ళు ఉంటాయి. గోటి అడుగున వాటికి జోడీగా చాళ్ళు, గట్లు ఉంటాయి. ఒకదానిలో ఒకటి ఇమిడి, పట్టాల మీద బండిలా గోరు ముందుకు సాగుతుంది. పక్కలకు కదలదు, పైకి లేవదు. గోటి కింద ఉన్న సన్నని రక్తనాళాలు కూడా ఆ గట్ల వెంటే పరుగులు తీస్తాయి. అందుకే అక్కడ ఒక బొట్టు రక్తం చిందితే చుక్కలా కాక ముల్లు గుచ్చుకున్నట్టు నిలువు గీతలా కనిపిస్తుంది. పైన పలక అడ్డపోగుల్ది, కింద పునాది నిలువు చాళ్ళది. పడుగు లేదన్నాను గానీ, ఒక అంతస్తు కింద దొరికింది.

గోరు బయటికే ఎందుకు పెరుగుతుంది, కొమ్ములా పైకి ఎందుకు లేవదు? 1961లో అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ ఈ ప్రశ్ననే శీర్షికగా పెట్టి ఒక వ్యాసం రాశాడు. మాట్రిక్స్ ముక్కను పైమడత లేకుండా ముంజేతి మీద నాటి చూస్తే అక్కడ గోరు నిటారుగా పైకి లేచింది. పై చర్మపు మడతే దాన్ని వంచి ముందుకు తోస్తోందని అతని వాదం. తర్వాత వచ్చినవాళ్ళు కణాలు పుట్టుకతోనే ముందువైపు మొగ్గి ఉంటాయని వాదించారు. మనుషుల మీద ప్రయోగాలు చేసిన తీరుకు క్లిగ్మన్ ఆ తర్వాత మాటలు పడ్డాడు, అవి పడవలసినవే. ఈ ప్రయోగం మాత్రం తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తూనే ఆసక్తి పుట్టిస్తుంది: ముంజేతి మీద మొలిచిన గోరు.

పలక నాలుగు అంచుల్లో మూడు చర్మంలో మునిగి ఉంటాయి. వెనక నుంచి నీరూ క్రిమీ లోపలికి పోకుండా ఒక పలచటి చచ్చిన చర్మపు పొర గోటికి అంటుకుని ముందుకు పాకుతుంది. అదే క్యూటికల్. కుండకు మూతపెట్టి పిండితో మెత్తినట్టు. ముందు, గోరు వేలిని వదిలి బయటికి వచ్చే చోట కింద ఇలాంటిదే ఇంకో మూత. ఇంత జాగ్రత్తగా మెత్తిన దాన్ని అందం పేరుతో పుల్లపెట్టి వెనక్కి తోసి, కత్తిరించి పారేయడం చూస్తే నాకు బాధేస్తుంది. ఆ తర్వాత గోరుచుట్టు లేస్తే రోకలిని తిట్టి ఏం లాభం?

పెరుగుదల లెక్కకు మన దగ్గర ఒక మంచి కొలబద్ద ఉంది, కొలబద్ద అని ఎవరూ అనుకోరు గానీ. ఆషాఢంలో పెట్టిన గోరింటాకు. అరచేతిలో చుక్కలు రెండు మూడు వారాల్లో వెలిసిపోతాయి. చర్మం పై పొర రాలిపోతూ ఉంటుంది మరి. గోటి కెరాటిన్ పట్టుకున్న రంగు మాత్రం వెలవదు. అది కదలడమే గానీ చెరగడం ఉండదు. శ్రావణం వచ్చేసరికి మొదట్లో రంగు లేని సన్నటి చంద్రరేఖ బయటపడుతుంది. వినాయకచవితికి అది వెడల్పవుతుంది. కార్తీక దీపాలు పెట్టే నాటికి ఎరుపు కొసన ఒక అంచులా మిగిలి, ఏదో ఒక రోజు నెయిల్ కట్టర్‌కి పోతుంది. మధ్యలో అట్లతద్దికి మళ్ళీ పెట్టుకున్న వాళ్ళ గోటి మీద రెండు ఎరుపులు, ముదురూ లేతా, ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. మా నాయనమ్మ గోళ్ళ మీద అలా పండగలన్నీ వరసగా కనిపించేవి. నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు అని పుస్తకాల్లో ఉన్న అంకె ఆవిడ చేతి మీద రంగుల్లో ఉండేది.

ఇదే పని ఆకురాయితో చేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. విలియం బెనెట్ బీన్ అనే అమెరికన్ వైద్యుడు. నెల మొదటి తారీఖున ఎడమ బొటనవేలి గోటి మీద చర్మపు అంచు దగ్గర ఒక అడ్డగీత గీసుకోవడం, ఆ గీత కొసకు చేరడానికి ఎన్ని రోజులు పట్టిందో రాసుకోవడం. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, 35 ఏళ్ళు. 32 ఏళ్ళ వయసులో అతని గోరు రోజుకు 0.123 మిల్లీమీటరు పెరిగేది. 67 ఏళ్ళకు 0.095కు దిగింది. 1980లో ఈ లెక్కలన్నీ ప్రచురించాడు. ఖర్చు లేని ప్రయోగం, పరికరం ఒక ఆకురాయి, ప్రయోగశాల ఒక బొటనవేలు. ముసలితనం ఎంత వేగంతో వస్తుందో మిల్లీమీటర్లలో కొలిచి పెట్టిన మనిషి ఇంకొకరు నాకు తెలియదు.

పుణె వాసి శ్రీధర్ చిల్లాల్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. కొలవలేదు, కత్తిరించడం మానేశాడు. 1952 నుంచి ఎడమచేతి గోళ్ళు పెంచాడు. 2014లో గిన్నిస్ వాళ్ళు కొలిస్తే ఐదు గోళ్ళూ కలిపి 909.6 సెంటీమీటర్లు, ఒక్క బొటనవేలి గోరే 197.8. అది గడియారం స్ప్రింగులా చుట్టలు చుట్టుకుపోయింది. చివరికి 2018లో న్యూయార్కులో కత్తిరించేశారు. ఆ చెయ్యి మళ్ళీ మామూలుగా తెరుచుకునే స్థితి దాటిపోయింది. ఆ వైభవం నన్ను పెద్దగా ఆకట్టుకోలేదు. కాగితం కలం తీసుకుని 197.8 సెంటీమీటర్లను 62 ఏళ్ళ రోజులతో భాగించాను. రోజుకు 0.087 మిల్లీమీటరు వచ్చింది. బీన్ ముసలితనంలో కొలిచిన అంకెకు కాస్త కింద. ఒకడు నెలనెలా గీత గీసుకుని, ఇంకొకడు అరవై ఏళ్ళు కత్తెర ముట్టుకోకుండా, దాదాపు ఒకే చోటికి వచ్చారు.

వేళ్ళలో మధ్యవేలిది వేగం, చిటికెనవేలిది నిదానం. పని ఎక్కువ చేసే చేతిది కొంచెం ముందు. ఎండాకాలంలో చలికాలం కంటే చురుకు. కాలివేళ్ళకు ఈ తొందరేమీ లేదు. ఉత్తర కరోలినాలో కుర్రకారు మీద చేసి 2010లో అచ్చువేసిన కొలతల్లో చేతి గోళ్ళు నెలకు 3.47 మిల్లీమీటర్లు, కాలి గోళ్ళు 1.62. ఆ లెక్కన చేతి పది గోళ్ళూ కలిపితే ఏడాదికి 41 సెంటీమీటర్ల పైచిలుకు, మూరెడుకు కాస్త తక్కువ. మగ్గం మీద అది ఒక పూట పని కూడా కాదు గానీ, ఇక్కడ నేతగాడు సెలవు తీసుకోడు. వెంట్రుకకైనా కొన్నాళ్ళు పెరిగి కొన్నాళ్ళు ఆగే అలవాటుంది, గోటికి అది లేదు.

కడుపులో బిడ్డకు చేతి గోళ్ళు సుమారు 32 వారాలకు వేలి కొసను అందుకుంటాయి, కాలివి 36 వారాలకు. పుట్టకముందే కాళ్ళు చేతుల కంటే నెల వెనక. పెద్దయ్యాక కాలి బొటనవేలి గోరు చేతి గోటికి రెండున్నర రెట్లకు పైగా మందం. రాయి తగిలి ఊడిపోతే మళ్ళీ పూర్తిగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. ఆ నిదానం వల్లే అది మంచి దస్తావేజు అయింది. నీళ్ళలో ఆర్సెనిక్ ఉంటే అది కెరాటిన్‌లోని గంధకాన్ని పట్టుకుని గోటిలో నేతతో పాటు చేరిపోతుంది. కాలి గోరు ముక్క పరీక్షిస్తే మనిషి నెలల కిందట తాగిన నీళ్ళ సంగతి బయటపడుతుంది.

జ్వరాలూ ఇలాగే నమోదవుతాయి. పెద్ద జబ్బు చేస్తే మాట్రిక్స్ పని మందగిస్తుంది, ఆ రోజుల నేత పలచనవుతుంది. కోలుకున్నాక గోటి మీద ఒక అడ్డగాడి కనిపిస్తుంది, దాదాపు అన్ని వేళ్ళకూ ఒకే దూరంలో. ఫ్రెంచి వైద్యుడు జోసెఫ్ బో 1846లో వీటిని వర్ణించాడు, ఆ గాళ్ళకు అతని పేరే ఉండిపోయింది. మొదలు నుంచి గాడి ఎంత దూరంలో ఉందో కొలిచి నెలకు మూడు మిల్లీమీటర్లతో భాగిస్తే జబ్బు చేసిన కాలం తెలుస్తుంది. కరోనా వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు ఈ గాడి తమ చేతుల మీద చూసుకుని కంగారుపడినవాళ్ళు చాలామంది. జబ్బు అప్పటికే దాటిపోయింది, గాడి దాని వెనక వచ్చిన రసీదు.

ఇంతటి పనితనం ఎందుకో కూడా చెప్పుకోవాలి. వేలి కొసన మెత్తటి గుజ్జు ఉంది. ఒక నూలుపోగును పట్టుకోవాలంటే గుజ్జు వెనక్కి జారిపోకుండా వెనక ఒక గోడ కావాలి. గోరు ఆ గోడ. వస్తువును గుజ్జు ఒకవైపు నుంచి నొక్కుతుంటే గోరు రెండోవైపు నుంచి ఆనిక ఇస్తుంది. గోటి ఒడ్డుల చుట్టూ ఉన్న నాడులు వేలి మీద పడే బలం ఎంత, ఎటు నుంచి అన్నది చెబుతాయని 2009లో స్వీడన్, ఆస్ట్రేలియా పరిశోధకులు కలిసి చూపించారు. గోరు ఊడిపోయిన వేలితో చొక్కా గుండీ పెట్టుకోబోయినవాళ్ళకు ఇది పరిశోధన లేకుండానే తెలుసు.

భద్రాద్రి రాముడి కల్యాణానికి కోరుకొండ ప్రాంతపు భక్తులు గోటి తలంబ్రాలు సిద్ధం చేస్తారు. దంచరు, మరపట్టరు. ఒక్కొక్క వడ్లగింజను గోటితో ఒలుస్తారు, బియ్యపు గింజ విరగకుండా. భక్తి సంగతి వాళ్ళకు వదిలేసి ఒక్క గింజను పట్టుకుని చూడండి. ఊకకు రెండు చెక్కలు, ఒకదాని అంచులో ఒకటి కొక్కెంలా ఇరుక్కుని ఉంటాయి. వాటి మధ్య సందులోకి దూరేంత పలచన, లేపినప్పుడు వంగనంత గట్టి, లోపలి గింజను గీరనంత మెత్తన. ఈ మూడూ ఒక్క పనిముట్టులో కావాలి. కత్తి గింజను కోస్తుంది, పంటి కింద విరుగుతుంది, వేలి గుజ్జు జారిపోతుంది. అక్కడ గోరు తప్ప ఇంకేదీ అక్కరకు రాదు. వీణ మీటే చూపుడు, మధ్య వేళ్ళ గోళ్ళదీ ఇదే కథ. సారంగి వాయించేవాళ్ళయితే ఇంకో అడుగు ముందుకేసి తీగను వేలి గుజ్జుతో నొక్కకుండా గోటి మొదలుతో, ఆ పక్క చర్మంతో ఒత్తుతారు. ఆ చోట పడే కాయలు చూస్తే సంగీతం మీద ఉన్న ప్రేమ తగ్గకుండానే భయం వేస్తుంది.

పంజా గోరుగా మారడం కోతి వంశపు గుర్తు. మన తూర్పు కనుమల అడవుల్లో రాత్రిళ్ళు తిరిగే దేవాంగపిల్లి ఆ వంశపు దూరపు చుట్టం. దాని వేళ్ళకు మనలాగే చదునైన గోళ్ళుంటాయి, కొమ్మను గుజ్జుతో పట్టుకోవడానికి. కాలి రెండో వేలికి మాత్రం పాత పంజా అలాగే ఉంచుకుంది, ఒళ్ళు గోక్కోవడానికి. అన్నీ మార్చుకుని ఒక్కటి అట్టేపెట్టుకోవడం తెలివైన పనే అనిపిస్తుంది, ముఖ్యంగా వీపు మధ్యలో దురద పుట్టినప్పుడు.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను, దీన్ని విన్నాక నేను నా వేళ్ళకేసి చాలాసేపు చూశాను. తలుపు సందున పడి వేలి కొస తెగిన చిన్నపిల్లలకు, గాయాన్ని కుట్టకుండా శుభ్రంగా కట్టుకట్టి వదిలేస్తే కొస మళ్ళీ పెరుగుతోందని ఇంగ్లండులోని షెఫీల్డు పిల్లల ఆసుపత్రి వైద్యురాలు సింథియా ఇలింగ్‌వర్త్ 1974లో రాసింది. మాంసంతో, గోటితో సహా. కాకపోతే గోటి మొదలు మిగలాలి. ఎందుకన్నది 2013లో న్యూయార్కులో మయూమి ఇటో బృందం ఎలుకల మీద చూపించింది. మాట్రిక్స్‌లో ఉన్న మూలకణాలు గోటిని నేయడంతో ఆగవు, తెగిన కొసలో ఎముక తిరిగి పెరగడానికి కబురు పంపేదీ ఆ చోటే. ఆ కబురు ఆపేస్తే గోరూ రాదు, ఎముకా రాదు. బల్లి తోక తెగితే మళ్ళీ మొలుస్తుందని పిల్లలకు వింతగా చెబుతాం. మనిషి ఒంట్లో అలాంటి చోటు ఒకటి గోటి వెనక గదిలో ఉంది.

నా చూపుడువేలి గోటికి మొండికాయ పెట్టిన గాటు నేటికి 24 రోజులు. విరిగిన చోట అంచు మళ్ళీ మాంసాన్ని దాటి రెండు మిల్లీమీటర్లు బయటికి వచ్చింది, మూల ఒకటి ఇంకా గరుగ్గా దుప్పటి దారాలను పట్టుకుంటోంది. పొద్దున స్నానం చేసి వచ్చాను, తడికి గోరు మెత్తబడి ఉంది, కత్తిరించడానికి ఇదే అదను అనుకుని నెయిల్ కట్టర్ పెట్టి నొక్కాను. టక్కుమని తెగి నెలవంక ఎగిరిపోయింది. బల్ల కింద వెతికాను, చాప దులిపాను, దొరకలేదు. వంటింట్లోంచి అమ్మ గొంతు: “శుక్రవారం పూట గోళ్ళు తీస్తున్నావట్రా?”